పనల మీద వాన

“మంచి వాన,” అన్నాను.

పక్కనున్న పెద్దాయన నా వైపు తిరగలేదు. తెనాలి బోసు రోడ్డులో మూసి ఉన్న ఒక కొట్టు ముందు, మూడడుగుల రేకు పంచ కింద ఆరుగురం సర్దుకుని నిలబడి ఉన్నాం. రేకు అంచు నుంచి నీళ్లు ధారలుగా కాదు, తడిక దించినట్టు పడుతున్నాయి. అనంతపురం జిల్లాలో పుట్టి పెరిగినవాణ్ని, అంత వాన చూస్తే నోరు ఊరుకోదు. మా వైపు ముక్కూమొహం తెలియని ఇద్దరు వానకు ఒక చింతచెట్టు కింద చేరితే మొదట వచ్చేది ఆ మాటే. “బాగా పడె గదన్నా” అని ఒకడంటే, “ఇంగో గంట పడితే పదునైతాది” అని రెండోవాడు. అక్కడి నుంచి ఊరూ పేరూ, చేనూ చెట్టూ అన్నీ బయటికొస్తాయి. నేనూ అదే లెక్కలో మాట కలిపాను.

ఆయన కాసేపు రోడ్డు మీద లేచి పగులుతున్న బుడగలు చూసి, “మాకు మూడెకరాలు పనల మీదుందండీ,” అన్నాడు. అంతే. మళ్లీ మాట్లాడలేదు. మిగిలిన నలుగురిలో ఒకతను మాత్రం నన్ను ఎగాదిగా చూశాడు, చావింటికి వచ్చి పప్పు బాగుందన్నవాణ్ని చూసినట్టు.

మాది మెట్ట. వరి నాకు బియ్యంగా తెలిసినంత పైరుగా తెలియదు. పనలంటే ఏమిటో ఆ సాయంత్రం లాడ్జి కుర్రాణ్ని అడిగి తెలుసుకున్నాను. కోసిన వరిని వెంటనే కట్టలు కట్టరు. మళ్లోనే వరసగా పరిచి ఎండనిస్తారు. ఆ పరిచినవే పనలు. ఎండాక కట్టకట్టి కుప్ప వేస్తారు. కుప్ప పడితే సగం గండం గడిచినట్టే, పైన బరకం కప్పుకోవచ్చు. పనల మీద ఉన్నప్పుడు మాత్రం కప్పేదేమీ లేదు, అయిదు నెలల కష్టం ఆకాశం కింద వెల్లకిలా పడుకుని ఉంటుంది. ఒక జల్లు పడి ఎండ కాస్తే తిరగేసి ఆరబెట్టుకుంటారు. ముసురు పట్టిందా, గింజ రంగు మారుతుంది, కంకిలోనే మొలక కడుతుంది. ధాన్యం కొనేచోట తేమ 17 శాతం దాటితే పెదవి విరుస్తారు. పైగా ఈ డెల్టాలో కోతకు రెండు మూడు రోజుల ముందే, నిలబడిన వరిలోనే మినుములు చల్లేస్తారు, ఆ చెమ్మకు మొలుస్తాయని. ముసురు ముదిరితే పైన గింజా పోతుంది, కింద విత్తనమూ కుళ్లుతుంది. ఒక్క వాన రెండు పంటలు తింటుంది.

కుర్రాడు ఇదంతా చెప్పి, “మీ వైపు వరి ఉండదాండీ?” అన్నాడు, కాస్త జాలిగా.

ఆ రాత్రి దుప్పటి కప్పుకుని ఆలోచిస్తుంటే అనిపించింది. పరాయి ఊరని దేన్నంటాం? దారి తెలియకపోతే అడగొచ్చు. యాస నాలుగు రోజుల్లో చెవికి పడుతుంది. కూరలో కారం వారంలో నాలుకకు అలవాటవుతుంది. వాన పడితే సంతోషించాలో దిగులుపడాలో తెలియని చోటే పరాయి ఊరు.

అసలు నేను వానలో ఊళ్లు తిరగడానికి వెళ్లలేదు. మా హైస్కూల్లో తెలుగు చెప్పిన మాస్టారు పోయి మూడేళ్లయింది. పాత విద్యార్థులం చందాలు పోగేసి బడి ఆవరణలో ఆయన విగ్రహం పెడదామనుకున్నాం. విగ్రహం అనగానే మన రాష్ట్రంలో ఎవరైనా చెప్పే పేరు తెనాలి. ఫోటో పంపాం, బయానా పంపాం. మట్టితో నమూనా చేశామనీ, ఎవరో ఒకరు వచ్చి పోలిక చూసి సరేనంటే అచ్చు తీస్తామనీ కబురొచ్చింది. కార్తీకం చివరి వారం. బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో ఎర్ర అక్షరాలు పరిగెడుతుండగా గుంతకల్లులో రైలెక్కాను.

శిల్పశాల అంటే రేకుల షెడ్డు. లోపల దేవుళ్లూ నాయకులూ కులభేదం పార్టీభేదం లేకుండా పక్కపక్కనే ఉన్నారు. తల ఇంకా అతకని కోటు ఒకటి, ఎవరినో దీవిస్తున్న ఒంటి చెయ్యి ఒకటి. ఒక మూల మా మాస్టారు, తడిగుడ్డ కప్పుకుని. గుడ్డ తీస్తే కళ్లద్దాలూ నుదుటి గీతలూ అన్నీ ఆయనవే, ముక్కు మాత్రం వేరే ఎవరిదో. “మా సారు ముక్కు కొంచెం చట్టిదండీ,” అన్నాను, గురువుగారి మీద చాడీ చెబుతున్నట్టు. శిల్పి నొచ్చుకోలేదు. “ఫోటోలో ఎదురుగా ఉన్నారు కదండీ, ముక్కెత్తు తెలవదు. పక్కనించి తీసిందుంటే తెప్పించండి. ఎల్లుండి సాయంత్రం రండి, చూద్దాం,” అన్నాడు. అప్పుడే పైన రేకు మీద మొదటి చినుకులు. వానకు మీ పని ఆగిపోతుందా అని అడిగాను. “మట్టికి మంచిదేనండీ. ఎండల్లో మాటిమాటికీ నీళ్లు చల్లకపోతే బీటలిచ్చుద్ది. ప్లాస్టరుకే చావు. ఎంతకీ ఆరదు.” ఒకే షెడ్డు, ఒకే వాన. ఈ మూల మేలు, ఆ మూల కీడు. ఆ సంగతి అర్థమయ్యేలోపే బయటికొచ్చాను, బోసు రోడ్డులో ఆ పెద్దాయన పక్కన నిలబడి నోరు జారాను.

చేతిలో రెండు రోజులు, తల మీద ముసురు.

తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటారు. కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలు మూడు ఊరి మధ్య నుంచి పోతాయి. నాటకాలవాళ్లూ సినిమావాళ్లూ రచయితలూ ఇక్కడ పుట్టినంత ఒత్తుగా మరెక్కడా పుట్టలేదని ఊరివాళ్ల లెక్క. అసలు ప్యారిస్‌లో పనీపాటా లేకుండా వీధులు కొలిచేవాడికి ఒక గౌరవనామం ఉంది, ఫ్లానేర్ అని. మనవాళ్లయితే తిరుగుబోతు అనేస్తారు. అలాంటివాళ్ల కోసమే అన్నట్టు 19వ శతాబ్దం మొదట్లో అక్కడ గాజు కప్పులు వేసిన అంగడి సందులు కట్టారు, కొనవచ్చినవాళ్లకు వానా బురదా అంటకుండా. వాల్టర్ బెంజమిన్ అనే జర్మన్ రచయిత ఆ సందుల మీద 1927లో మొదలుపెట్టి, 1940లో చనిపోయేదాకా రాస్తూనే ఉన్నాడు. పుస్తకం పూర్తి కాలేదు. గాజు కప్పు కింద తిరిగితే ఎలా పూర్తవుతుంది? తడుస్తానన్న భయం లేనివాడు ఎక్కడ ఆగాలో ఎందుకు తేల్చుకుంటాడు? మన ప్యారిస్‌లో కొట్టు ముందు రేకు, బడ్డీ మీద పట్టా, బ్యాంకు మెట్లు, మళ్లీ రేకు. ఒక కప్పు నుంచి ఇంకో కప్పుకు పది గజాలు గెంతాలి. గెంతిన ప్రతిచోటా అయిదు నిమిషాలో అరగంటో ఎవరో ఒకరి పక్కన ఉండిపోవాలి. ఎండ రోజైతే నేను ఆ కొట్లను చూసేవాణ్ని. వానరోజు కొట్ల ముందు నిలబడ్డ మనుషుల్ని చూశాను. వాళ్లూ నాలాగే ఉన్నారు. సొంత ఊళ్లో, సొంత వీధిలో, ఇల్లు కనబడుతున్నా వెళ్లలేక ఇరుక్కుపోయినవాళ్లు.

నా చిన్నప్పటి చందమామల్లో బాటసారికి దారిలో వాన వస్తే ఏదో ఒక ఇంటి అరుగెక్కి నిలబడేవాడు. ఆ అరుగు మీదే కథ మలుపు తిరిగేది. ఇంటి యజమాని పిసినారో, దయ్యమో, తప్పిపోయిన అన్నో అయి ఉండేవాడు. ఆ కథలు మాకు వండి వడ్డించింది ఈ ఊరివాళ్లే. 1947 జులైలో నాగిరెడ్డితో కలిసి ఆ పత్రిక పెట్టిన చక్రపాణిదీ తెనాలే, 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దాన్ని నడిపించిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. అందుకని గంగానమ్మపేట వైపు పాత ఇళ్లున్న సందుల్లో అరుగుల కోసం వెతికాను. ఒకటీ అరా ఉన్నాయి, వాటి ముందు ఇనుప గేటు కూడా ఉంది. రోడ్డు పెరిగినచోటల్లా అరుగు తరిగింది. చివరికి నాకు చోటిచ్చింది ఒక ఏటీఎం గది. అందులో అప్పటికే ఇద్దరున్నారు. పుస్తకాల సంచీ గుండెలకు హత్తుకున్న ఇంటర్ పిల్ల, గోనెపట్టా నెత్తిన కప్పుకున్న హమాలీ. నిమ్మకాయల మార్కెట్టులో పనట. ఈసారి జాగ్రత్తపడి ముందు నేను వాన గురించి ఏమీ అనలేదు. ఆయనే అన్నాడు: “ముసురు పడితే నిమ్మకాయ నీళ్లు ఎవుడు తాగుతాడండీ, రేటు పడిపోద్ది.” ఆ పిల్ల నవ్వింది. ఆమెకు రేపు పరీక్ష, కలెక్టరు సెలవు ఇస్తారేమోనని ఫోను చూస్తోంది. ముగ్గురికీ మూడు వానలు.

మధ్యాహ్నం రణరంగ్ చౌకు దాటాను. 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఉద్యమంలో పోలీసు కాల్పులకు ఏడుగురు బలైనందుకు గుర్తుగా వచ్చిన పేరది. తడిసిన స్మారకం చుట్టూ ఆటోలు ఆగి ఉన్నాయి. వానలో స్మారకాల దగ్గర ఎవరూ ఆగరు, వాటికి చూరు ఉండదు కనుక. అక్కణ్నించి కాలువ గట్టుకు నడిచాను. కాలువ నిండుగా, బురద రంగులో, ఎవరికీ అక్కర్లేనట్టు పోతోంది. మా అనంతపురం వైపు జీడిపల్లి జలాశయానికి ఇదే కృష్ణ నీళ్లు శ్రీశైలం వెనక నుంచి మోటార్లు పెట్టి మెట్టుమెట్టుగా ఎత్తి తెస్తారు. మొదటిసారి నీళ్లొచ్చిన నాడు జనం పసుపూ కుంకుమా చల్లి దండాలు పెట్టారు. ఇక్కడ అదే నీటిలోకి ఒకాయన గట్టు మీద నుంచి ఉమ్మాడు. తప్పనడం లేదు. రోజూ కనిపించే దేవుడి దగ్గర భక్తి అంతే ఉంటుంది.

ఈ ఊరి రామకృష్ణుడు బతుకుతెరువు కోసం మా రాయల రాజ్యానికి నడిచొచ్చాడు. నేను ముక్కు కోసం అటు నుంచి ఇటు వచ్చాను. ఆయనకు దారిలో వాన తగిలి ఉంటే ఎవరి అరుగెక్కి ఎవరిని ఏడిపించాడో.

మర్నాడు పొద్దున రేపల్లె రైలెక్కాను. ఎందుకు రేపల్లె అంటే కారణం ఒక్క పేరే. మా అవ్వ కృష్ణుడి కథ చెబుతూ గోకులాన్ని రేపల్లె అనేది. చిన్నప్పుడు గుంటూరు వైపు రైళ్ల పేర్లలో ఆ మాట వినపడితే, కృష్ణుడి ఊరికి టికెట్టు దొరుకుతుందా అని అబ్బురపడేవాణ్ని. ఈ వయసులో దొరికింది. తెనాలి నుంచి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు, 1916లో వేసిన కొస లైను. రేపల్లె దాటి పట్టాలు లేవు. అక్కణ్నించి మచిలీపట్నానికి లైను కలపమని జనం ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు.

పెట్టెలో కిటికీ తలుపులన్నీ దించేశారు. చీకటి, తడి చెప్పుల వాసన, ఎవరి బుట్టలోంచో పచ్చి చేపల వాసన. బయట ఏ స్టేషను వచ్చిందో చూడకుండానే చెబుతున్నారు జనం. చినరావూరు, జంపని, వేమూరు. నా పక్కావిడ పాలక్యాన్ల చప్పుడును బట్టి గుర్తుపడతానంది. భట్టిప్రోలులో వాన కాస్త తెరిపిచ్చింది. అనుకోకుండా దిగిపోయాను. తిరుగుబోతుతనం అంటే అదేనేమో, టికెట్టు ఒక ఊరికి, కాళ్లు ఇంకో ఊరికి.

అక్కడి బౌద్ధ స్తూపం దగ్గర ఎవరూ లేరు. పచ్చగడ్డి మధ్య ఎర్ర ఇటుకల వలయం, నానిపోయి ఇంకా ఎర్రగా. 1892లో అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి ఇక్కడ తవ్వితే మూడు రాతి కరండాలు, వాటిలో ధాతువులు, వాటి మీద అక్షరాలు దొరికాయి. అశోకుడి బ్రాహ్మికి దగ్గరగా ఉంటూనే దానికి భిన్నంగా ఉన్న ఆ అక్షరాలను బ్యూలర్ అనే పండితుడు చదివాడు. క్రీస్తుకు రెండు మూడు శతాబ్దాల ముందటివి. కుబీరకుడనే రాజు పేరు వాటిలో ఉంది. అంతకుముందే స్తూపం ఇటుకలను దొరల కాలంలో రోడ్లకు వాడేశారు. అంటే నేను స్టేషను నుంచి నడిచొచ్చిన ఏదో ఒక దారి కింద బుద్ధుడి ఇటుక ఉండొచ్చు.

అక్కడ నిలబడి ఉండగా చినుకులు మళ్లీ మొదలయ్యాయి. మాస్టారు చెప్పిన పాత పాఠం ఒకటి గుర్తొచ్చింది. బౌద్ధ భిక్షువులు నిత్య సంచారులు, ఒకచోట నిలవకూడదు. కానీ వానాకాలం మూడు నెలలు మాత్రం ఊరు కదలకూడదని బుద్ధుడు నియమం పెట్టాడు. వస్సావాసం అంటారు. ఆయన తనంతట తాను పెట్టింది కాదు. జనం గొణిగారట. ఈ సన్యాసులు వానల్లో కూడా తిరుగుతూ పచ్చటి మొలకలు తొక్కుతున్నారు, పురుగూపుట్రా చంపుతున్నారు, పిట్టలు కూడా వానకు గూళ్లలో ఉంటాయే, వీళ్లకేమైంది అని. బుద్ధుడు ఆ గొణుగుడు విన్నాడు. వినయ పిటకంలో ఉన్న సంగతి ఇది. రెండున్నర వేల ఏళ్ల కిందటే, వానలో తిరిగేవాడి ఆనందం వేరు, ఆ వాన పడుతున్న నేల గలవాడి లెక్క వేరు అని ఎవరో పంచాయితీ పెట్టారన్నమాట. తీర్పు నేలగలవాడి వైపే వచ్చింది. ఆ నియమం ఆశ్వయుజ పున్నమికో, ఆలస్యమైతే కార్తీక పున్నమికో తీరిపోతుంది. కాబట్టి సాంకేతికంగా నేను తప్పించుకున్నాను. పనల మాట మాత్రం ఆ నియమంలో లేదు, మొలకల మాటే ఉంది.

తర్వాత బండి ఎప్పటికో గాని లేదంటే, పాలవ్యాను ముందు సీట్లో చోటిచ్చి రేపల్లెలో దింపారు. కృష్ణుడి ఊళ్లో నాకు మొదట కనిపించింది మోకాలి లోతు బస్టాండు. గోవులున్నాయి, ఒక టీ హోటలు వసారాలో మూడు నిలబడి ఉన్నాయి, వాటిని అదిలించేవాళ్లెవరూ లేరు. పేరుకు తగ్గట్టే ఉందని సరిపెట్టుకున్నాను. టీ కలిపే పెద్దావిడ నా యాస పట్టేసింది. “ఏ ఊరు నాయనా?” చెప్పాను. “అమ్మో, అంత దూరం నుంచి ఈ ముసుర్లో ఏం చూద్దామని?” దానికి నా దగ్గర జవాబు లేదు. పెనుమూడి వంతెన చూస్తానన్నాను. ఆవిడ తల బయటికి పెట్టి ఆకాశం కేసి కాదు, ఎదురుగా ఉన్న కొబ్బరిచెట్ల తలల కేసి చూసింది. “వెళ్లిరా. వానెంత పడ్డా పోద్ది. గాలి తిరక్కుండా ఉండాలి.”

అది నవంబరు నెల అన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. 1977 నవంబరు 19. నదికి అవతలి ఒడ్డున దివిసీమ. ఒక్క తుపాను రాత్రిలో సముద్రం ఊళ్ల మీదికి లేచి, వేల మందిని తీసుకుపోయింది. అప్పుడు ఆవిడ పెళ్లి కాని పిల్ల అయి ఉంటుంది. అడగలేదు. ఆవిడ చెప్పలేదు. మా ఊళ్లో ముసలివాళ్లు వాన వస్తే మట్టిలో వేలు గుచ్చి పదును ఎంత దిగిందో చూస్తారు. ఇక్కడి ముసలావిడ చెట్ల తలలు చూస్తోంది.

పెనుమూడి దాకా ఆటో. వంతెన రాకముందు ఇక్కడ కృష్ణ దాటాలంటే పడవలే గతి. వంతెన మధ్యలో ఆటో ఆపించి దిగాను. అటు పులిగడ్డ కనిపించడం లేదు, ఇటు పెనుమూడి చెరిగిపోతోంది. కింద నది ఎంత వెడల్పో తెలియడం లేదు. పైనుంచి పడేదీ కింద పారేదీ ఒకే బూడిద రంగు. ఆటో అబ్బాయి హారన్ కొట్టాడు. నది దగ్గర అయిదు నిమిషాలకు మించి ఉండలేకపోయాను. అంత నీళ్లు ఒకేసారి, ఎవరి చేనుకూ వెళ్లకుండా సముద్రంలోకి పోతుంటే చూస్తూ నిలబడటం మా వైపువాడికి కొంచెం కష్టం.

మూడో రోజు బాపట్ల. మెయిన్ లైను. దుప్పట్లు కప్పుకున్నట్టున్న పొలాలు, నీళ్లలో తేలుతున్న పనలు. ఇప్పుడు నాకు అవి కనబడుతున్నాయి, మొన్నటిదాకా అవి ఉత్త పసుపు రంగు మాత్రమే. రైలు చుండూరు దాటింది. 1991 ఆగస్టు 6న ఈ ఊళ్లో ఎనిమిది మంది దళితులను వెంటాడి చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి నీళ్లలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులంది. కిటికీలోంచి కాలువలూ వానా చూస్తూ ఎంత బాగుందో అనుకుంటున్నవాణ్ని, తలుపు దించేసి కూర్చున్నాను. నిడుబ్రోలు వచ్చేదాకా ఎత్తలేదు.

బాపట్ల పేరు నాకు బియ్యం బస్తా మీద నుంచి తెలుసు. మా ఇళ్లలో కర్నూలు సోనా అని మురిసిపోయి తినే సన్నబియ్యం అసలు పేరు బీపీటీ 5204, సాంబ మసూరి. ఆ మూడక్షరాలు బాపట్లవే. ఇక్కడి వరి పరిశోధనలో పుట్టి 1986లో రైతుల చేతికి వచ్చింది. దేశంలో ఎన్నో రాష్ట్రాలకు పాకింది. రుచి కోసం జనం దానికి అలవాటుపడ్డారు గాని, దానికి సుమారు 150 రోజులు కావాలి. కాలువ నీళ్లు వచ్చి, నారు పోసి, నాట్లు పడేసరికి శ్రావణం. అక్కణ్నించి లెక్కపెడితే కోత సరిగ్గా బంగాళాఖాతం కోపం తెచ్చుకునే రోజుల్లోకి వచ్చి పడుతుంది. 2023లో మిచౌంగ్ తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గరే తీరం దాటింది, చేతికొచ్చిన పంట మీదుగా. మనం పళ్లెంలో సన్నన్నం కావాలన్నందుకు ఇక్కడి రైతు నెలరోజులు ఎక్కువ ఆకాశం కేసి చూస్తున్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు గాని, వ్యవసాయ కళాశాల ప్రహరీ పక్కన, 1945 నుంచి ఉన్న ఆ చెట్ల కింద గొడుగు పట్టుకుని నడుస్తుంటే వేరే మాట తోచలేదు.

ఊళ్లో తిరిగాను. భావనారాయణస్వామి గుడి మండపంలో గంటసేపు ఉన్నాను. ఆ స్వామి పేరు మీదే భావపురి, అదే బాపట్ల అయిందంటారు. రాతి స్తంభాలు చలి పట్టి చెమర్చాయి. 1913 మే నెలలో మొదటి ఆంధ్ర మహాసభ ఈ ఊళ్లోనే జరిగింది, బయ్యా నరసింహేశ్వరశర్మ అధ్యక్షతన. తెలుగువాళ్లకు ప్రత్యేక రాష్ట్రం కావాలన్న మాట గట్టిగా లేచింది అక్కడే. మా సీమ నుంచి వచ్చినవాళ్లలో కొందరికి ఆ మాట మీద అనుమానాలు. సర్కారు జిల్లాలవాళ్లకు నీళ్లున్నాయి, చదువులున్నాయి, మనల్ని కలుపుకుని ఏం చేస్తారో అని. ఆ అనుమానం తీర్చడానికే 1937 నవంబరు 16న మద్రాసులో శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు, నీటి పనుల్లో పదేళ్లు సీమకు ముందు చోటివ్వాలని. కాగితం మీద నీళ్లను అలా పంచుకున్నారు. వాననైతే ఎవరూ పంచలేదు. పంచుంటే ఈ మూడు రోజుల ముసురును నేను అక్కడికక్కడే సంతకం పెట్టి మా జిల్లాకు పట్టుకుపోయేవాణ్ని. ఆ పెద్దాయనా సంతోషంగా ఇచ్చేవాడు.

మండపంలో నాతోపాటు తలదాచుకున్నవాళ్లు పదిమంది దాకా ఉన్నారు. తలదాచుకోవడం అన్న మాట ఎంత చిన్నగా ఉంటుందో చూడండి, తల ఒక్కటి దాగితే చాలన్నట్టు. 1977 తుపాను రాత్రి ఈ ఊళ్లోనే ఒక చర్చిలో తలదాచుకున్న సుమారు వందమంది, అది కూలి చనిపోయారు. ఆ సంగతి గుర్తొచ్చాక స్తంభానికి ఆనుకోలేకపోయాను. పైకప్పు వైపు ఒకసారి చూశాను. నా పక్కనున్న ముసలాయన కూడా చూశాడు, నేను చూశాననో, తనకు అలవాటో.

సూర్యలంక కూడా వెళ్లాను. సముద్రం మీద వాన పడుతుంటే చూడటానికేమీ ఉండదు. నీళ్ల మీద నీళ్లు. మొక్కజొన్న పొత్తులు కాల్చే అతను బొగ్గులు రాజుకోక విసుక్కుంటున్నాడు. ఒక పొత్తు సగం కాలింది కొనుక్కుని వెనక్కొచ్చాను.

సాయంత్రానికి తెనాలి షెడ్డు చేరేసరికి మాస్టారి ముక్కు కిందికి దిగింది. మా ఊరి నుంచి ఫోనులో తెప్పించిన పక్క ఫోటో గోడకు అంటించి ఉంది. గుడ్డ తీయగానే, ఆయన నన్ను ఎప్పుడూ చూసే చూపు, పాఠం చదవలేదని ముందే తెలిసినవాడి చూపు. సరేనన్నాను. “ఎండ రావాలండీ ఇక, అచ్చుకి,” అన్నాడు శిల్పి. ఎండ రావాలని నేనూ అన్నాను. జీవితంలో మొదటిసారి అన్నానేమో ఆ మాట.

తెనాలి ప్లాట్‌ఫారం మీద గుంటూరు బండి కోసం నిలబడి ఉండగా మా నాయన ఫోను చేశాడు. ఎనభై దాటినా ఇంకా పదెకరాల చెనిక్కాయ చేను ఆయన మాట మీదే నడుస్తుంది. నేనే బ్యాంకు ఉద్యోగమని బయటికొచ్చి ముప్పై ఏళ్లయింది.

“ఏమిరా, ఆడ మూడు దినాలనుంచి వానంట గదా, టీవీలో చెప్పిరి. బాగా పడెనా?”

“బాగా పడింది నాయనా. ఈడ వరి కోసి మళ్లో పరిచినారు. దాని మీద పడింది.”

అటు కాసేపు మాట లేదు. ఆయన ఏనాడూ వరి వేయలేదు. పనలనే మాట విని ఉండడు. ముప్పై ఏళ్లు చేలో అడుగుపెట్టని నేను లాడ్జి కుర్రాడి దగ్గర పాఠం చెప్పించుకోవాల్సి వచ్చింది కదా, ఈయనకెలా అర్థమవుతుందిలే అనుకుంటూ విడమర్చి చెప్పబోయాను.

“మనం చెనిక్కాయ కట్టె పీకి చేలో ఏసినప్పుడు పడినట్లన్నమాట,” అన్నాడు నాయన. “అయ్యో పాపం. కోసి ఎన్ని దినాలైందంట?”

రైలు వస్తోందని మైకులో చెబుతున్నారు. ఆ రేకు కింద అరగంట ఆ పెద్దాయన పక్కన నిలబడ్డాను. ఆ ఒక్క ముక్కా అడగలేదు.